రెండో కుర్చీ దగ్గర వాసన

మెడ మీద వెంట్రుకలు దులపక ముందే ఆ కుర్రాడు కుర్చీలోంచి లేచిపోయాడు. దుబ్బయ్య చేతిలో పౌడరు కుచ్చు అట్లాగే ఉండిపోయింది.

"ఒక్క నిమిషం బాబూ, ఎనక జెర దులుపుత."

"వద్దులే అంకుల్."

కుర్రాడు మెడకు కట్టిన గుడ్డ తనే విప్పుకుని కుర్చీ చేతి మీద పడేశాడు. అద్దాల తలుపు అవతల, మెదక్ రోడ్డు ఎండలో, బండి ఎక్కకుండా కొంతసేపు ఫోను నొక్కుతూ నిలబడి వెళ్ళిపోయాడు. దుబ్బయ్య నేల మీది వెంట్రుకలు ఊడ్చాడు. కటింగు బాగానే కుదిరింది. చెవుల దగ్గర గీత ఎక్కడా తప్పలేదు. పక్క కుర్చీ నరేశ్ రెండు మూడుసార్లు మధ్యలోంచి చేయి చాపి మిషన్ తీసుకున్నాడు, పెట్టాడు. మిషన్ ఛార్జింగ్ పెట్టే జాగ రెండో కుర్చీ అద్దం కిందే ఉంది. అది రోజూ ఉండేదే. ఆ కుర్రాడికి ఏం నచ్చలేదో దుబ్బయ్యకు అంతుపట్టలేదు.

అది మే నెల, బుధవారం.

సాయంత్రం గిరాకీ తగ్గాక క్రాంతి అతణ్ణి వెనక గదిలోకి పిలిచాడు. గది అంటే తువ్వాళ్ళు ఆరేసే తీగ, నీళ్ళ క్యాన్లు, ఒక ప్లాస్టిక్ స్టూలు, అంతే. క్రాంతి దుబ్బయ్యకు అక్క కొడుకు. హైదరాబాదులో పని నేర్చి వచ్చి సిద్దిపేటలో ఈ సెలూన్ పెట్టాడు. నాలుగు కుర్చీలు. మొదటిది క్రాంతిది, రెండోది దుబ్బయ్యది, మూడోది నరేశ్‌ది. నాలుగోది వెనక, చేతులు కడుక్కునే తొట్టి పక్కన ఖాళీగా ఉంది.

"మామా, ఏమనుకోకు."

"ఏమనుకుంటరా. చెప్పు."

క్రాంతి ఫోను చూపించాడు. కళ్ళద్దాలు లేక దుబ్బయ్యకు అక్షరాలు ఆనలేదు. క్రాంతే చదివాడు. షాపు బాగుందట. పని బాగుందట. రెండో కుర్చీ దగ్గర మాత్రం చెమట కంపుకు కూర్చోలేకపోయాడట.

"రెండో కుర్చీ అంటే నువ్వే గద," అన్నాడు క్రాంతి, ఫోను జేబులో పెట్టుకుంటూ.

దుబ్బయ్య తల వంచి తన చంక వైపు చూడబోయి ఆగాడు. "ఎండలు గద," అన్నాడు.

"ఎండలు అందరికున్నయి. మనం చెయ్యెత్తితే గిరాకి ముక్కు ఈడుంటది." క్రాంతి తన చంకకు జానెడు దూరంలో గాలిలో అరచేయి పెట్టి చూపించాడు. "గట్లాంటి పని మనది. గిది రోజు కొట్టుకో."

నల్లటి స్ప్రే డబ్బా ఒకటి చేతిలో పెట్టాడు. దాని మీద కండలు తిరిగిన మనిషి బొమ్మ ఉంది.

దుబ్బయ్య డబ్బాను సంచిలో వేసుకుని కొండవ్వ ఇంటి వెనకాల తన కిరాయి గదికి నడిచి వెళ్ళాడు. దారి పొడుగునా ఎవరైనా ఎదురైతే కొంచెం పక్కకు జరిగాడు. అట్లా జరుగుతున్నానని అతనికి పాత బస్టాండు దాటాక గాని తెలియలేదు.

గురువారం పొద్దున్నే స్నానానికి ముందు చంకలు గొరుక్కున్నాడు. ఎడమది బాగానే వచ్చింది. కుడిదానికి ఎడమ చేతితో బ్లేడు పట్టాల్సి వచ్చింది. అద్దం గోడకు ఎత్తులో ఉంది. రెండు చోట్ల తెగింది, సగంలోనే వదిలేశాడు. ఊళ్ళో ఉన్నప్పుడు ఈ పని అన్న చేసేవాడు, అన్నకు తను చేసేవాడు. ఊరందరి చంకలూ గొరిగిన చేతులే అవి. ఇప్పుడు సెలూన్ గోడ మీద 'చంకలు షేవింగ్ చేయబడవు' అని క్రాంతి అట్ట రాయించి పెట్టాడు. పట్నంలో అట్లాగే ఉంటుందట.

తడి తుడుచుకుని స్ప్రే కొట్టుకున్నాడు. భగ్గుమంది. దుబ్బయ్య పళ్ళు బిగబట్టాడు. ముప్ఫై అయిదేళ్ళుగా మనుషుల చెంపల మీద గడ్డం గీసి మందు రాసిన మనిషి. మండితేనే మందు ముడుతున్నట్టు లెక్క. గిరాకీలకు అతను చెప్పే మాట కూడా అదే, "మండనీ సార్, మంచిదే." అందుకని ఇంకోసారి కొట్టుకున్నాడు. మధ్యాహ్నం అన్నం తిన్నాక, వెనక గదిలో ఎవరూ లేనప్పుడు మూడోసారి.

సాయంత్రానికి చేతులు దించితే ఒరుసుకుంటున్నాయి, ఎత్తితే లాగుతున్నాయి. మోచేతులు బాతు రెక్కల్లా ఎడంగా పెట్టుకుని కత్తెర ఆడించాడు. కుర్చీలో ఉన్న కొండపాక ముసలాయన అద్దంలోంచి చూసి, "ఏం దుబ్బన్నా, కుస్తీ పడుతవా ఏంది?" అన్నాడు. దుబ్బయ్య నవ్వాడు. ముసలాయన, దుబ్బయ్య ఎటు నిలబడితే అటు తల తనే వంచి, తిప్పి, అతని చేయి ఎక్కువ ఎత్తే పని లేకుండా చేశాడు. అది దుబ్బయ్య గమనించాడు.

శుక్రవారం పొద్దున వెళ్ళేసరికి అతని దువ్వెనలు, కత్తెరలు నాలుగో కుర్చీ ముందు సర్ది ఉన్నాయి. నరేశ్ సామాను రెండో కుర్చీకి వచ్చింది. నరేశ్ అద్దం తుడుస్తున్నాడు. తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తున్నాడు.

"సోమవారం దాక గాడ చెయ్యి మామా," అన్నాడు క్రాంతి. "నిన్న ఇంకొకలు ముక్కు మూసుకున్నరు, నేనే చూసిన. సోమవారానికి నీ సంగతి సక్కగైతే నీ కుర్చీ నీదే. నేనేమన్న పరాయోన్నా?"

"కాకుంటే?"

క్రాంతి తన కుర్చీ వైపు తిరిగిపోయాడు. నాలుగో కుర్చీ దగ్గర అంతకు ముందు మల్లయ్య ఉండేవాడు. లోపలికి వచ్చినవాళ్ళు మొదట కనిపించిన కుర్చీలో కూర్చుంటారు, వెనక దాకా ఎవరూ రారు. మల్లయ్య ఆర్నెల్లు ఆ తొట్టి పక్కన నిలబడి పేపరు చదివాడు. ఒకనాడు పేపరు మడిచి పెట్టి ఇంటికి పోయి మళ్ళీ రాలేదు. రావద్దని అతనికి ఎవరూ చెప్పలేదు.

ఆ రోజు దుబ్బయ్యకు నాలుగు గడ్డాలే దొరికాయి. మధ్యాహ్నం క్రాంతికి అన్నం తెచ్చిన అతని పెళ్ళాం నవనీత, వెళ్తూ వెళ్తూ తొట్టి దగ్గర ఆగి, గొంతు తగ్గించి, "నిమ్మకాయ రుద్దితే పోతదంట మామయ్యా, ఫోన్ల చూసిన," అని చెప్పింది. ఆ పిల్ల మంచికే చెప్పింది. సాయంత్రం గదికి వచ్చి, నిమ్మకాయ కోసి, కుడి చంకలో ఒక్కసారి రుద్దుకోగానే దుబ్బయ్య నోటి నుంచి మూలుగు వచ్చింది. వాకిట్లో చాటలో బియ్యం చెరుగుతున్న కొండవ్వ చేయి ఆపింది.

"ఏమైంది తమ్మీ?"

"ఏం లేదక్కా."

"ఏం లేకుంటే గట్ల మొత్తుకుంటరా? ఇటు రా."

కొండవ్వ అతనికంటే పదేళ్ళు పెద్దది. దాపరికాలు పడవు. దుబ్బయ్య బనీనుతో, మోచేతులు ఎడంగా పెట్టుకుని, గడపలో నిలబడ్డాడు. జరిగిందంతా చెప్పాడు. ఆమె లేచి వచ్చి, పిల్లవాడి చేయి పట్టినట్టు మణికట్టు పట్టుకుని ఎత్తి చూసింది.

"పచ్చిపుండు జేసుకున్నవ్. దీని మీద నిమ్మకాయా? నీకు కత్తెర ఎవడిచ్చిండు తమ్మీ?"

"వాసన పోవాలె గదక్కా. సోమవారం దాక టైమిచ్చిండు."

కొండవ్వ దండెం వైపు చూసింది. గదిలోపల, ఫ్యాను కింద, నల్ల టీషర్టు ఆరేసి ఉంది. షాపు పేరు రాసి క్రాంతి ఇచ్చినవి రెండు. రోజూ రాత్రి ఒకటి పిండి ఆరేస్తే పొద్దుటికి ఆరుతుంది. పెళ్ళాం యాదవ్వ ఉన్నంత కాలం బట్టలు ఎట్లా ఆరతాయో దుబ్బయ్య పట్టించుకోలేదు. ఆమె పోయి రెండేళ్ళయింది. కొండవ్వ లోపలికి వెళ్ళి టీషర్టు చంక భాగం ముక్కు దగ్గర పెట్టుకుని, మొహం చిట్లించి, అతని మొహం మీదికి చాచింది.

"సూడు. ఉతికిందే గద ఇది?"

దుబ్బయ్య వాసన చూశాడు. సబ్బు వాసన కింద ఇంకో వాసన ఉంది.

"గిది బట్టనా, కవరా? మా ఇంటాయన ముప్ఫై ఏండ్లు తాళ్ళెక్కిండు. పొద్దున మాపు చెమటల మునిగేటోడు. నూలంగి, ఎర్రటెండకు ఆరేసేదాన్ని. దగ్గరికొస్తే కల్లు వాసన తప్ప ఇంకోటి లేకుండె." ఆమె నవ్వింది. "గది వేరే సంగతనుకో."

"పొద్దుగాల్ల పోయి రాత్రొస్త. ఎండెక్కడ దొరుకుతదక్కా?"

"నీకు దొరకది. నాకు దొరుకుతది. ఈడ పెట్టి పో."

ఆ రాత్రి గడపలో చిన్న గిన్నెతో కొబ్బరినూనె పెట్టి ఉంది. దుబ్బయ్య రాసుకుని పడుకున్నాడు.

శనివారం, ఆదివారం అతను చంకలకు నూనె తప్ప ఏమీ తగలనివ్వలేదు. స్ప్రే డబ్బాను అలమార మీద పెట్టాడు. కొండవ్వ టీషర్టులను సోడా కలిపిన వేణ్ణీళ్ళలో నానబెట్టి, తిరగేసి, చంకలు పైకి వచ్చేట్టు రేకుల మీద పరిచింది. శనివారం అతను తన పాత తెల్ల నూలు అంగీ వేసుకుని వెళ్ళాడు. ఆదివారం షాపు కిటకిటలాడింది. నిలబడే జాగ లేక నలుగురు వెనక కుర్చీ దాకా వచ్చారు. దుబ్బయ్య వాళ్ళ దగ్గర పని చేస్తున్నంత సేపూ వాళ్ళ ముక్కుల వైపే చూశాడు. గిరాకీ ముక్కు వైపు చూస్తూ కత్తెర ఆడించడం మంచిది కాదు. ఒకతని చెవి వెనక కొంచెం ఎక్కువ పోయింది.

ఆదివారం రాత్రికి పుండ్లు ఎండి పొలుసు కట్టాయి. పాత సామాను పెట్టె అడుగున పటిక రాయి వెతికాడు. సెలూన్‌లో అంతా సీసా మందులే, పటిక బయటికి తీసి మూడేళ్ళయింది. గడ్డం గీశాక తెగిన చోట రాయిని తడిపి ఒత్తేవాడు. చంకకు ఎట్లా పనిచేస్తుందో అతనికి తెలియదు గాని, దెబ్బ కుళ్ళకుండా చేసేది చెమటను కూడా కుళ్ళనివ్వదేమో అనుకున్నాడు. ముందు చిటికెన వేలితో ఒక చుక్క పెట్టి చూశాడు. మండలేదు. సోమవారం పొద్దున స్నానం చేసి, తడి ఒంటి మీదనే రాయిని రెండుసార్లు తిప్పి, చేతులు పైకెత్తి ఆరేదాకా వాకిట్లో నిలబడ్డాడు.

"సూర్యునికి దండం పెడుతున్నవా?" అంది కొండవ్వ. ఎండిన టీషర్టు తెచ్చి అతని భుజం మీద వేసింది. దానికి ఎండ వాసన తప్ప ఏమీ లేదు.

షాపులో అప్పటికే క్రాంతి, నరేశ్ ఉన్నారు. సోఫాలో ఒక గిరాకీ పేపరు చూస్తున్నాడు. క్రాంతి కుర్చీలోంచి లేవకుండానే, "చెయ్యెత్తు మామా," అన్నాడు.

దుబ్బయ్య సోఫా వైపు చూశాడు. గిరాకీ పేపరు కొంచెం దించాడు.

"ఎనక గదిల చూస్తే కాదా?"

"గిండ్ల సిగ్గేముంది. మనం మనం ఒకటే గద. ఎత్తు."

దుబ్బయ్య రెండు చేతులూ ఎత్తాడు. ఎదుటి అద్దంలో చేతులెత్తిన మనిషి కనిపించాడు. పోలీసుల ముందు నిలబడ్డట్టు ఉన్నాడు. క్రాంతి దగ్గరికి రాలేదు. "నరేశ్, నువ్వు చూడు," అన్నాడు.

నరేశ్ వచ్చాడు. మిరుదొడ్డి నుంచి రోజూ బండి మీద వచ్చే పిల్లవాడు, ఇరవై నాలుగేళ్ళు, పెళ్ళి మాటలు నడుస్తున్నాయి. వంగి, మొహం ఒక క్షణం దగ్గర పెట్టి, వెంటనే తీసేశాడు. అతను దుబ్బయ్య కళ్ళలోకి చూడలేదు.

"ఏం లేదన్నా."

"మంచిగ చూసినవా?"

"ఏం వాసన లేదు. ఎండల ఆరిన బట్ట వాసనొస్తుంది, గంతే."

"అగో, అయిపాయె," అన్నాడు క్రాంతి. అతను నిజంగానే సంతోషించాడు. "రేపు మంగళవారం బంద్. బుధవారం నుంచి నీ కుర్చీల నువ్వు చేస్కో మామా. ఇయ్యాల్టికి ఆడనే కానీ."

దుబ్బయ్య చేతులు దించాడు. నాలుగో కుర్చీ దగ్గరికి వెళ్ళి దువ్వెనలు కడిగాడు. కడిగినవే మళ్ళీ కడుగుతున్నానని తెలిసి ఆపాడు.

మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోయింది. ఏసీ ఆగింది. రెండో కుర్చీలో ఒక సారు కూర్చుని ఉన్నాడు, రాజశేఖర్ సారు, కాలేజీలో చెబుతాడు. నెలకోసారి వస్తాడు. నరేశ్ ఎడమ వైపు నుంచి కుడి వైపుకు, కుడి వైపు నుంచి ఎడమ వైపుకు వంగి కటింగు చేస్తున్నాడు. సారు ఒకసారి తల పక్కకు తిప్పుకున్నాడు. ఇంకోసారి గుడ్డ కింది నుంచి చేయి తీసి రుమాలు ముక్కుకు పెట్టుకున్నాడు. పని అయ్యాక క్రాంతిని తలుపు దాకా తీసుకెళ్ళి ఏదో చెప్పాడు. కోపంగా చెప్పలేదు. భుజం మీద చేయి వేసి చెప్పాడు.

క్రాంతి వెనక్కి వచ్చాడు. వెనక నాలుగో కుర్చీ దగ్గర నిలబడ్డ దుబ్బయ్యను చూశాడు. రెండో కుర్చీ దగ్గర గుడ్డ దులుపుతున్న నరేశ్‌ను చూశాడు. ఛార్జింగ్ పెట్టిన మిషన్‌ను చూశాడు. నరేశ్ గుడ్డ దులపడం ఆపలేదు. మెడ మీద చెమట కారి టీషర్టులోకి దిగుతోంది.

దుబ్బయ్యకు ఇందులో కొత్త సంగతి ఏదీ లేదు. పక్కపక్కన ఏడాది పనిచేసినవాడు. నరేశ్ చేయి చాపి మిషన్ తీసుకున్నప్పుడల్లా ఆ వాసన అతనికి తెలుసు, దాని మీద కొట్టిన సెంటు వాసనా తెలుసు. బుధవారం క్రాంతి ఫోను చదివినప్పుడు కూడా తెలుసేమో. కాని రెండో కుర్చీ తనది, ఒళ్ళు తనది, ఉతుక్కున్న టీషర్టులో వాసన నిజంగానే ఉంది. ఎదుటివాడి వాసన గురించి ఆలోచించే అలవాటును ఆ వృత్తి అతనిలోంచి ఎప్పుడో తీసేసింది.

"నరేశ్," అన్నాడు క్రాంతి. "ఇటు రా. చెయ్యెత్తు."

సోఫాలో ఇద్దరు ఉన్నారు. నరేశ్ గుడ్డను మడత పెట్టాడు. మడత సరిగ్గా రాలేదు, విప్పి మళ్ళీ పెట్టాడు. అతని చేయి కదలబోయింది.

"వద్దు," అన్నాడు దుబ్బయ్య.

తొట్టి దగ్గర నుంచి వచ్చి ఇద్దరి మధ్యా నిలబడ్డాడు. గొంతు పెద్దది చేయలేదు.

"ఏంది మామా వద్దు? నీకోసమే గద. నువ్వు గాదని తేలుతది."

"ఏం తేల్చొద్దు. ఎన్ని నెత్తులు చూసినం, ఎన్ని చంకలు గొరిగినం. నీ నాయిన గొరిగిండు, నేను గొరిగిన. ఒక్కనికి చెప్పినమా, నీ దగ్గర వాసనొస్తుందని? ఒక్కనితోని చెయ్యెత్తిచ్చినమా నలుగుర్ల?"

"నువ్వు పొద్దుగాల ఎత్తినవ్ గద."

"ఎత్తిన. అందుకే చెప్తున్న."

క్రాంతి మొహం ఎర్రబడింది. సోఫాలో ఉన్నవాళ్ళు వింటున్నారు. "మరి ఎవరిది మామా? గాలికచ్చిందా? నీదా?"

దుబ్బయ్య నరేశ్ వైపు తిరగలేదు. తిరిగితే చెప్పినట్టే అవుతుంది.

"నాదే అనుకో."

"నీదే అనుకుంటే బుధవారం కూడ గా ఎనక కుర్చీలనే ఉండాలె. రోజు గాన్నే. మల్ల నన్నడగొద్దు."

"సరే."

కరెంటు వచ్చింది. ఏసీ మూలిగి మొదలైంది. దుబ్బయ్య నాలుగో కుర్చీ దగ్గరికి వెళ్ళి స్టూలు మీద కూర్చున్నాడు. ఆ సాయంత్రం అతని దగ్గరికి ఎవరూ రాలేదు. మల్లయ్య చదివి వదిలేసిన పేపర్లు తొట్టి కింద ఇంకా ఉన్నాయి. ఒకటి తీసి, తేదీ చూసి, అక్కడే పెట్టాడు.

మంగళవారం పది గంటలకు కొండవ్వ వాకిట్లో బండి ఆగింది. నరేశ్ దిగి, బండికి స్టాండు వేసి, తీసి, మళ్ళీ వేశాడు.

"కాకా ఉన్నడా?"

"ఉండక ఏడ వోతడు, మంగళారం నాడు," అంది కొండవ్వ. అతన్ని కింది నుంచి మీది దాకా చూసి చాట పట్టుకుని లోపలికి పోయింది.

నరేశ్ గదిలోకి వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. దుబ్బయ్య కూర్చోమనలేదు, పొమ్మనలేదు. కత్తెరకు నూనె పెడుతున్నాడు.

"నాదే కాకా," అన్నాడు నరేశ్. "బుధవారం నాడు కూడ నాదే. నాకెరుకనే ఉండె."

"ఊ."

"రోజుకు నాలుగైదు సార్లు కొట్టుకుంట. అయినా పోతలేదు. మస్తు మంటలేస్తది. చెయ్యి ఎత్తనస్తలేదు." అతను టీషర్టును చంక దగ్గర లాగి పట్టుకున్నాడు. "వచ్చే నెల నిశ్చయం పెట్టుకున్నరు. గా పిల్ల దగ్గర కూసుంటే ఏమనుకుంటదో అని..." ఆగాడు. "రేపు అన్నకు నేనే చెప్త. నీ కుర్చీ నీకే ఇయ్యమని చెప్త."

"చెప్తవో చెప్పవో నీ ఇష్టం. అంగి విప్పు."

నరేశ్ టీషర్టు తల మీది నుంచి లాగాడు. దుబ్బయ్య దాన్ని చేతిలోకి తీసుకుని, గుమ్మం దాకా వెళ్ళి, తిరగేసి, ఎండలో రేకుల మీద పరిచి వచ్చాడు. కిటికీ దగ్గర చేయి ఎత్తించి చూశాడు. తన చంకలకంటే ఎర్రగా ఉన్నాయి. వారం దాకా స్ప్రే జోలికి పోవద్దని, నూనె తప్ప ఏదీ పెట్టవద్దని, మానినాక తడి ఒంటికి పటిక రాసుకోవాలని, లోపల నూలు బనీను వేసుకోవాలని, ఆ టీషర్టు ఎండ తగలకుండా తొడగవద్దని చెప్పాడు. పుండు లేని జాగలో మాత్రం నురుగు పెట్టి, కొత్త బ్లేడు వేసి, వెంట్రుక వాలిన వైపుకే, మెల్లగా గీశాడు. అయిదు నిమిషాలు పట్టింది. ఒక్క చోట తెగలేదు.

తర్వాత తన బనీను విప్పి, స్టూలు మీద కూర్చుని, కుడి చేయి ఎత్తి తల వెనక పెట్టుకున్నాడు. అయిదు రోజుల కింద తన ఎడమ చేయి సగం వదిలేసిన పని అది. బ్లేడు నరేశ్‌కు ఇచ్చాడు.

నరేశ్ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. షాపులో అట్ట పెట్టినప్పటి నుంచి అతను ఈ పని చేయలేదు. అంతకు ముందు కూడా చేశాడో లేదో. మొహం దగ్గరికి తెచ్చాడు. పెదవులు బిగించాడు, ఛాతీ కదలడం ఆగింది. బ్లేడు కొన సన్నగా వణికింది.

"ఊపిరి బిగవట్టకురా," అన్నాడు దుబ్బయ్య. "పీల్చు. బిగవడితే చెయ్యి వణుకుతది."

నరేశ్ ఊపిరి వదిలాడు. మళ్ళీ లోపలికి పీల్చుకున్నాడు. చేయి కుదురుకున్నాక మొదటి గీత గీశాడు.